జడ్జీల మార్కులకు కారణాలూ కావాలి

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షురాలు కర్స్టీ కోవెంట్రీ గారికి,

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందా, ఉండదా అన్న సందేహం 2025 మార్చిలో గ్రీస్‌లో జరిగిన కమిటీ సర్వసభ్య సమావేశంతో తీరిపోయింది. పాలన, ఆర్థిక వ్యవహారాలు, తీర్పుల నిజాయితీ అనే మూడు విషయాల్లోనూ నమ్మకం పోగొట్టుకున్న అంతర్జాతీయ బాక్సింగ్ సంఘాన్ని (ఐబీఏ) 2019లో సస్పెండ్ చేసి, 2023లో దాని గుర్తింపునే రద్దు చేసి, టోక్యో, పారిస్ పోటీలను తాత్కాలిక బృందాలతో స్వయంగా నడిపించిన కమిటీ, ‘వరల్డ్ బాక్సింగ్’ అనే కొత్త సమాఖ్యకు 2025 ఫిబ్రవరిలో తాత్కాలిక గుర్తింపునిచ్చింది. పాలన, ఆర్థిక వ్యవహారాలను ఆడిటర్లూ న్యాయవాదులూ చక్కదిద్దగలరు గానీ, రింగు పక్కన కూర్చునే ఐదుగురు జడ్జీల తీర్పు మాత్రం సమాఖ్య పేరు మారినంత మాత్రాన మారేది కాదు. ఈ లేఖ ఆ ఒక్క అంశానికే పరిమితం.

1988 సియోల్ ఒలింపిక్స్ 71 కిలోల విభాగం ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ జూనియర్ 86 దెబ్బలు కొట్టగా ఆతిథ్య దేశానికి చెందిన పార్క్ సి-హున్ 32 మాత్రమే కొట్టాడని లెక్క తేలినా, ముగ్గురు జడ్జీలు పార్క్ వైపు, ఇద్దరు జోన్స్ వైపు మొగ్గడంతో స్వర్ణం పార్క్‌కు దక్కింది. ఓడినవాడికే ఆ ఒలింపిక్స్‌లో అత్యుత్తమ శైలి కనబరిచిన బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని ఇవ్వడం క్రీడా చరిత్రలోని వింతల్లో ఒకటి. లంచం ముట్టిందనడానికి ఆధారం లేదని 1997లో కమిటీ తేల్చింది. ఆ ముగ్గురు జడ్జీలు ఆనాడు ఏం చూసి ఏ రౌండును ఎవరికిచ్చారో రాసిపెట్టి ఉంటే, నేరమో నిర్దోషిత్వమో ఏదో ఒకటి రుజువయ్యేది. రాత లేనందువల్ల అనుమానం మాత్రం మిగిలిపోయింది, నిజాయితీగా తప్పు చేసిన జడ్జికీ అమ్ముడుపోయిన జడ్జికీ తేడా చెప్పే వీలు లేకుండా పోయింది.

దీనికి విరుగుడుగా 1992 బార్సెలోనా నుంచి కంప్యూటర్ లెక్కింపు వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక సెకను వ్యవధిలో మీట నొక్కితేనే ఒక దెబ్బ పాయింటుగా నమోదయ్యే ఈ పద్ధతి, కారణం అడిగే బదులు వేలిని నమ్మింది. ముఖంపై పడే తిన్నని దెబ్బ అందరికీ ఒకేసారి కనిపిస్తుంది గనుక పాయింటయ్యేది, దగ్గరగా నిలబడి పొట్టలోకి కొట్టే పంచ్ సగంమంది జడ్జీలకు కనబడక గాలిలో కలిసిపోయేది. అందువల్ల శరీరంపై దాడి చేసే కళ అమెచ్యూర్ బాక్సింగ్‌లో రెండు దశాబ్దాలపాటు చిక్కిపోయింది. 2008 బీజింగ్‌లో భారత్‌కు బాక్సింగ్‌లో తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన విజేందర్ సింగ్ కాంస్యం ఈ మీటల కాలానిదే.

2013లో ఆ యంత్రాన్ని పక్కనపెట్టి, రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి 9 లేదా అంతకన్నా తక్కువ మార్కులు వేసే వృత్తి బాక్సింగ్ పద్ధతిని తెచ్చారు. నాణ్యమైన దెబ్బల సంఖ్య, సాంకేతిక, వ్యూహాత్మక ఆధిక్యం, పోరాట పటిమ అనే ప్రమాణాలను బేరీజు వేసి జడ్జి ఆ మార్కులు వేయాలి. అయితే 2016 రియోలో ఐర్లండ్ బాక్సర్ మైకేల్ కాన్లన్‌పై గెలిచినట్టు ప్రకటించిన రష్యా బాక్సర్ నికితిన్, గాయాలతో తర్వాతి పోరుకు దిగలేకపోయాడు. ఆ పోటీల్లో ఫలితాలను తారుమారు చేసే యంత్రాంగమే పనిచేసిందని 2021లో కెనడా న్యాయవాది రిచర్డ్ మెక్‌లారెన్ దర్యాప్తు బయటపెట్టింది.

టోక్యోలో కమిటీ చేసిన మార్పు మెచ్చదగినది. జడ్జీల మార్కులను ప్రతి రౌండు తర్వాత బయటపెట్టారు. అయినా భారత బాక్సర్ మేరీకోమ్, కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియాల పోరు ఈ పారదర్శకత హద్దులను చూపించింది. మొదటి రౌండు 4-1తో వలెన్సియాకు, తర్వాతి రెండూ 3-2తో మేరీకోమ్‌కు వచ్చాయి. మూడింట రెండు రౌండ్లు గెలిచిన బాక్సర్ 3-2 తేడాతో ఓడింది. లెక్కలో తప్పేమీ లేదు. ఫలితం రౌండ్లవారీగా కాక జడ్జీలవారీగా తేలుతుంది. మొత్తం 15 రౌండు తీర్పుల్లో 8 వలెన్సియాకు, 7 మేరీకోమ్‌కు పడ్డాయి. ఒకే ఒక్క జడ్జి ఒకే ఒక్క రౌండులో మరోలా చూసి ఉంటే ఫలితం తారుమారయ్యే అవకాశం ఉన్న ఇంత సన్నని తేడాకు కూడా కారణం చెప్పవలసిన బాధ్యత అప్పుడు ఎవరికీ లేకపోయింది, సవాలు చేసే దారీ లేకపోయింది. గెలిచాననుకుని రింగు దిగిన ఆమెకు సంగతి ఆలస్యంగా తెలిసిందంటే వింతేముంది?

అందువల్ల వరల్డ్ బాక్సింగ్‌తో కమిటీ చేసుకునే ఒప్పందంలో ఒక షరతు చేరాలి. రౌండు ముగిసిన వెంటనే జడ్జి మార్కుతో పాటు, పై ప్రమాణాల్లో ఏది ఆ రౌండును తేల్చిందో కూడా నమోదు చేయాలి; 3-2తో ముగిసిన ప్రతి బౌట్‌నూ, ఆ ఐదుగురితో సంబంధం లేని బృందం వీడియోలో అదే రోజు సమీక్షించి, రాతపూర్వక కారణాలను ప్రచురించాలి. సమీక్షలతో తీర్పుకు స్థిరత్వం పోతుందన్న అభ్యంతరం సహజమే. కానీ లాస్ ఏంజెలెస్‌లోనే ఒలింపిక్స్‌కు తిరిగివస్తున్న క్రికెట్, స్పష్టమైన పొరపాటు కనబడితే తప్ప మైదానంలోని అంపైర్ మాటనే నిలబెట్టే సమీక్ష పద్ధతితో ఆ చిక్కును చాలావరకు దాటింది. బాక్సింగ్‌కూ ఆ కొలమానం సరిపోతుంది. 2004, 2008లలో 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ స్వర్ణాలను గడియారం ముల్లు సాక్షిగా గెలిచిన అధ్యక్షురాలికి, అటువంటి సాక్షి లేని క్రీడాకారుల ఇబ్బందిని విడమరచి చెప్పనక్కరలేదు.

సీడింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బలమైనవారు మొదట్లోనే ఒకరినొకరు ఢీకొనకుండా డ్రాలో దూరదూరంగా ఉంచడమే సీడింగ్. 2022, 2023లలో వరుసగా ప్రపంచ చాంపియన్ అయిన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్, పారిస్‌లో సీడింగ్ లేకుండానే దిగి, రెండో పోరులోనే టాప్ సీడ్, ఆ తర్వాత స్వర్ణం గెలిచిన చైనా బాక్సర్ వు యు చేతిలో 5-0తో ఓడింది. ఆనాటి ఓటమి న్యాయమైనదే కావచ్చు. డ్రా మాత్రం ఆలోచింపజేస్తుంది, ఎందుకంటే ఆమె టైటిళ్లు రెండూ గుర్తింపు కోల్పోయిన ఐబీఏ పోటీల్లోవి. సమాఖ్యల తగాదాకు బాక్సర్లు మూల్యం చెల్లించకూడదంటే, ఏ పోటీకి ఎన్ని పాయింట్లు, ఏ తేదీ వరకు అన్న పట్టిక ముందే బహిరంగం కావాలి.

ఈ నిబంధనలన్నీ అర్హత పోటీలు మొదలయ్యేలోపే వెలువడాలి. మీటల కాలంలో కోచ్‌లు పొట్టపై దాడిని నేర్పడం ఎలా మానుకున్నారో, రేపు కూడా జడ్జీలు దేన్ని లెక్కలోకి తీసుకుంటారో దాన్నే నేర్పుతారు. నిజామాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఈ ఏడాది గ్లవ్స్ తొడుక్కుంటున్న పిల్లలకు ఏ ఆట నేర్పాలో అక్కడి కోచ్‌లు ఇప్పుడే నిర్ణయించుకుంటున్నారు.