దండ వేసిన ఫోటో, రెండు భాగాల్లో

బయోపిక్ అంటే ఒక మనిషి జీవితం మీద తీసిన సినిమా. ఇది డిక్షనరీ అర్థం. తెలుగులో ఈ మధ్య దానికి ఇంకో అర్థం వచ్చింది: ఆ మనిషి ఇంటివాళ్ళకో, పార్టీవాళ్ళకో ఇబ్బంది కలగనంత మేరకు మాత్రమే జీవితం ఉన్న సినిమా.

ఊరికే అనట్లేదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఎన్టీఆర్ కథానాయకుడు’ 2019 జనవరి 9న వచ్చింది. ‘యాత్ర’ ఫిబ్రవరి 8న. ‘ఎన్టీఆర్ మహానాయకుడు’ ఫిబ్రవరి 22న. ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ మార్చి 29న, అదీ ఆంధ్రలో కోర్టు ఆపేస్తే తెలంగాణలో. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ ఏప్రిల్ 11. ఐదేళ్ళు ఆగి మళ్ళీ చూడండి. ‘యాత్ర 2’ 2024 ఫిబ్రవరి 8న, ‘వ్యూహం’ మార్చి 2న, పోలింగ్ మే 13న. సినిమాలకి సంక్రాంతి సీజన్, సమ్మర్ సీజన్ ఉన్నట్టే బయోపిక్‌లకి ఎలక్షన్ సీజన్ ఉందన్నమాట. కరపత్రం అయితే చేతికిచ్చి ఊరుకుంటారు. దీనికి మనం టికెట్ కొనుక్కోవాలి.

‘మహానాయకుడు’ని నేను థియేటర్లో చూడలేదు, టీవీలో వస్తే మా తాతతో కలిసి చూశా. తాత ఎన్టీఆర్ గారి మీటింగులకి మేడ్చల్ నుంచి లారీల మీద వెళ్ళిన మనిషి. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని తీసేయడం, సెప్టెంబర్‌లో ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అవడం వచ్చే భాగానికి తాత కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత బసవతారకం గారు చనిపోతారు, సినిమా అయిపోతుంది. పేర్లు పడుతుంటే తాత నా వైపు తిరిగి, "గింతేనా? తొంభై అయిదుల ముచ్చటేదిరా?" అన్నాడు. నాకేం తెలుసు? నేను పుట్టిందే దానికి పదేళ్ళ తర్వాత. అప్పుడు తాతే చెప్పాడు. 1995 ఆగస్టు, వైస్రాయ్ హోటల్, ఎమ్మెల్యేలు అల్లుడు చంద్రబాబు నాయుడు గారి వైపు వెళ్ళిపోవడం, కుటుంబంలో చాలామంది అటే నిలబడటం, నాలుగైదు నెలలకే 1996 జనవరి 18న ఎన్టీఆర్ గారు పోవడం. ఎవరిది రైటు, ఎవరిది తప్పు అని నేను తేల్చట్లేదు, ఆ వయసూ కాదు, ఆ పనీ కాదు. కానీ ఒక నాయకుడి కథని రెండు సినిమాలుగా తీసి, ఆయన జీవితంలో అందరూ ఇప్పటికీ వాదించుకునే ఘట్టానికి ముందే ఆపేస్తే దాన్ని ఏమనాలి? ఆ ఘట్టం కావాలంటే రామ్‌గోపాల్ వర్మ గారి సినిమాకి వెళ్ళాలి. అక్కడ ఆ ఘట్టం తప్ప ఇంకేం ఉండదు, అది కూడా ఇంకో వైపు నుంచి. ఒకే మనిషి, సగం ఒక క్యాంపులో, మిగతా సగం ఇంకో క్యాంపులో.

మన సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్తా. గిట్‌లో ప్రాజెక్ట్ సబ్మిట్ చేసే ముందు కొందరు కమిట్ హిస్టరీ మొత్తం నొక్కేసి ఒకే ఒక్క కమిట్ చేసి పెడతారు చూడండి, "ఫైనల్ వెర్షన్" అని. అందులో తప్పులుండవు, రాత్రి రెండింటికి చేసిన గందరగోళం ఉండదు, వెనక్కి తీసుకున్న నిర్ణయాలుండవు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కానీ ఆ కోడ్ అలా ఎందుకు తయారైందో దాన్ని చూసి ఎవరికీ అర్థం కాదు. మన బయోపిక్‌లు ఆ ఒక్క కమిట్ లాంటివి.

‘కథానాయకుడు’లో ఇంకో చిక్కు ఉంది. 1947లో సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం వదిలేసి సినిమాల్లోకి వెళ్ళిన కుర్రాడి పాత్రని, అరవైకి దగ్గర పడుతున్న ఆయన కొడుకు బాలకృష్ణ గారు వేశారు. సినిమా నిర్మాతల్లో ఆయన కూడా ఒకరు. దర్శకుడు క్రిష్ గారు తక్కువ వాడేం కాదు, ‘వేదం’ తీసినాయన. అయినా కొడుకే నిర్మాత, కొడుకే తండ్రి పాత్ర అయినప్పుడు "సార్, ఇక్కడ మీ నాన్నగారు కొంచెం తప్పు చేసినట్టు చూపిద్దామా" అని సెట్లో ఎవరు అడుగుతారు? నేనైతే అడగను. ఫలితం ఏంటంటే ప్రతి సీనూ సన్మాన సభలా ఉంటుంది. ఆ సినిమాలు ఆడలేదు కూడా. అంటే జనానికి తెలియక కాదు.

ఇంటివాళ్ళ సహకారం ఉంటే సినిమా చెడిపోతుందనేది కూడా నిజం కాదులెండి. ‘మహానటి’కి సావిత్రి గారి కూతురు సహకరించారు. అయినా నాగ్ అశ్విన్ గారు తాగుడు చూపించారు, అప్పులు చూపించారు, కోమాలో ఉన్న మనిషితోనే కథ మొదలుపెట్టారు. జెమినీ గణేశన్ గారి ఇంకో కూతురు, మా నాన్నని ఇలా చూపిస్తారా అని బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ఆవిడ బాధ ఆవిడది, కొట్టిపారేయలేం. ఆ గొడవ పడే అవకాశం ఉందంటేనే ఆ సినిమాలో మనుషులున్నట్టు. కీర్తి సురేష్‌కి నేషనల్ అవార్డు వచ్చింది. మా అమ్మ మాత్రం "సావిత్రిని చూశాక ఈ పిల్లని చూడలేం" అంటుంది. ఆ తరం అంతే.

ఇప్పుడు పెద్ద హీరోల మాస్ సినిమాలకి వద్దాం. ఇవీ బయోపిక్‌లే అని నా అనుమానం. హీరో గారి సొంత బయోపిక్‌లు. పాత్రకి పేరేదో ఉంటుంది గానీ ఎవరికీ గుర్తుండదు. డైలాగుల్లో తాతగారి ప్రస్తావన, నాన్నగారి పాత సినిమా టైటిల్, బాబాయ్ గారి స్టెప్పు, బయట జరిగిన రాజకీయాల మీద ఓ చురక. థియేటర్లో కేకలు పడేది వాటికే. కథలో ఏం జరిగిందన్నదానికి కాదు. బయోపిక్ వాళ్ళేమో నిజమైన మనిషిని మాస్ హీరోని చేస్తారు, మాస్ సినిమా వాళ్ళేమో హీరోనే మహాపురుషుణ్ణి చేస్తారు. రెండు దారులూ కలిసిపోయాయి.

అలా కలిసిపోయిన చోట ఏమవుతుందో ‘టైగర్ నాగేశ్వరరావు’లో చూశాం. స్టువర్ట్‌పురం అంటే బ్రిటిష్ వాళ్ళు ఒక కులం మొత్తాన్ని పుట్టుకతో నేరస్థులని చట్టం చేసి, తెచ్చి పడేసిన సెటిల్‌మెంట్. అంతకంటే పెద్ద కథ ఇంకేం కావాలి? 2023 దసరాకి వచ్చిన ఆ సినిమాలో అది ఉంది, కానీ ఫైట్లూ లవ్ ట్రాకూ రైలు దోపిడీ మధ్యలో ఇరుక్కుపోయి ఉంది. ఎరుకల వాళ్ళ అభ్యంతరాలు కోర్టు దాకా వెళ్ళాయి. రిలీజయ్యాక నిడివి ఎక్కువైందని కత్తిరించారు కూడా.

మెషీన్ లెర్నింగ్ క్లాసులో ఓవర్‌ఫిట్టింగ్ అని చెప్తారు కదా. పాత డేటాని మోడల్ బట్టీ పట్టేస్తుంది, కొత్తది చూపిస్తే తెల్లమొహం వేస్తుంది. ‘బాహుబలి’ రెండు భాగాలుగా ఆడింది కాబట్టి ఇప్పుడు అందరికీ రెండు భాగాలు కావాలి. దానికి మధ్యలో ఆగడానికి ఒక కారణం ఉంది, 2015లో దేశమంతా ఆ ప్రశ్న అడిగింది. ఇప్పుడొచ్చే వాటిల్లో ‘పార్ట్ 1’ అని పడితే "అంటే ఈ మూడు గంటలూ ట్రైలరా" అనిపిస్తుంది. ‘భోళా శంకర్’ సంగతైతే మరీ. 2015 నాటి తమిళ సినిమాని 2023లో తెచ్చి పెట్టారు. అదే సంవత్సరం, అదే భాషలో ‘బలగం’ వచ్చింది. పెద్ద స్టార్ లేడు, ఒక చావు, పది రోజుల కర్మ, పిట్ట ముట్టని ముద్ద. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. ఎవరూ జీవో తెచ్చి టికెట్ పెంచలేదు.

జీవో అంటే గుర్తొచ్చింది. మనలాంటి వాళ్ళకి అసలు తగిలేది ఇక్కడే. ‘పుష్ప 2’ ప్రీమియర్‌కి తెలంగాణలో మామూలు రేటు మీద ఇంకో 800 రూపాయలు పెంచుకోవడానికి అనుమతిచ్చారు. మన దూలపల్లి హాస్టళ్ళలో ఉండేవాడికి అది మెస్ బయట పది రోజుల టిఫిన్ ఖర్చు. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, తొమ్మిదేళ్ళ కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. ఇక బెనిఫిట్ షోలు, రేట్ల పెంపు ఉండవని ముఖ్యమంత్రి గారు అసెంబ్లీలోనే చెప్పారు. మూడు వారాలు తిరగకముందే సంక్రాంతికి ‘గేమ్ ఛేంజర్’ వచ్చింది, దాంతోపాటే మళ్ళీ పెంపు జీవో వచ్చింది. హైకోర్టులో ప్రశ్నలు పడ్డాక వెనక్కి తీసుకున్నారు. "ఇష్టముంటే చూడు, లేకుంటే ఓటీటీలో చూసుకో, నీకెందుకు నొప్పి" అని మా రూమ్మేట్ అంటాడు. మంచి ప్రశ్నే. సినిమా అంటే వినోదం, చరిత్ర క్లాసు కాదు అని కూడా అంటాడు.

నా నొప్పి ఏంటంటే, మనకి చరిత్ర క్లాసు వేరే లేదు. ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఇంటర్‌లో మార్కుల కోసం తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మనది. తెలుగు పుస్తకం ఒక పేజీ చదవడానికి నాకు ఇప్పటికీ ఐదు నిమిషాలు పడుతుంది. ఎన్టీఆర్ గారు, వైఎస్ గారు, సావిత్రి గారు, జార్జిరెడ్డి, వీళ్ళందరూ నాకు మొదట పరిచయమైంది తెర మీదే. తెర ఏది కత్తిరిస్తే నా బుర్రలో అది లేనట్టే. ఆ రోజు సోఫాలో తాత లేకపోతే 1995 కూడా లేదు.

అందుకే ‘మల్లేశం’ గురించి చెప్పాలి. 2019లోనే, ఆ ఎలక్షన్ బయోపిక్‌ల సందడి అయ్యాక, జూన్ 21న వచ్చింది. రాజ్ రాచకొండ దర్శకుడు, ప్రియదర్శి హీరో. ఆలేరు దగ్గర చేనేత ఇంట్లో పుట్టిన చింతకింది మల్లేశం గారి కథ. ఆరో తరగతితో బడి మానేశారు. పోచంపల్లి చీర నేసే ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని ఖీలల చుట్టూ చేత్తో అటూ ఇటూ వేల సార్లు తిప్పాలి. వాళ్ళమ్మకి అదే పని చేసీ చేసీ భుజం నొప్పి. ఆ నొప్పి చూడలేక మెషీన్ చేద్దామనుకున్నారు. ఏళ్ళ తరబడి కుదర్లేదు. అప్పులయ్యాయి, ఊళ్ళో నవ్వారు. హైదరాబాద్ వచ్చి కూలి పనులు చేస్తూ, మిగిలిన డబ్బుతో పార్టులు కొన్నారు. చివరికి 1999లో బాలానగర్‌లో పనికెళ్ళినప్పుడు అక్కడ ఒక మెషీన్ కదలిక చూసి, తనకి దొరకని చివరి ముక్క అదేనని పట్టుకున్నారు. బాలానగర్ ఎక్కడో కాదు, మన దగ్గర్నుంచి జీడిమెట్ల దాటితే వచ్చేస్తుంది. మనం రోజూ బస్సులో ఆ షెడ్ల మీదుగా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పోతాం. ఆ మెషీన్‌కి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆ సినిమాలో క్లైమాక్స్ ఫైట్ లేదు. ఒక యంత్రం తిరుగుతుందా తిరగదా అనేదే క్లైమాక్స్. కోడ్ వందోసారి రన్ కొట్టి స్క్రీన్ వైపు చూసే క్షణం మనందరికీ తెలుసు కదా, అచ్చం అదే. ఒక్కోసారి తిరగదు. ఆయన చిరాకు పడతాడు, ఇంట్లోవాళ్ళ మీద అరుస్తాడు, చచ్చిపోదామనుకుంటాడు. బతికున్న మనిషి మీద తీసిన సినిమాలో ఇవన్నీ చూపించారు, ఆయన పరువేం పోలేదు. లోపాల్లేవా? ఉన్నాయి. సెకండాఫ్ కొంచెం నెమ్మది, ఒకటి రెండు సీన్లు కావాలని ఏడిపించడానికి పెట్టినట్టుంటాయి. అయినా మా సెక్షన్‌లో ఎవరైనా చూశారా అని అడిగితే ఇద్దరే చేతులెత్తారు. ఇంజనీరింగ్ కాలేజీలో!

పోయిన వారం క్యాంటీన్‌లో ఇదే మాట్లాడుకుంటూ, ఏఎస్ రావు గారి మీద సినిమా తీస్తే ఎలా ఉంటుందన్నాను. అయ్యగారి సాంబశివరావు గారు. అల్లూరి సీతారామరాజు సొంతూరు మోగల్లులోనే పుట్టారు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది ఆయన వల్లే, మన దేశంలో సొంతంగా తయారైన తొలినాటి కంప్యూటర్లు కొన్ని ఆ సంస్థ నుంచే వచ్చాయి. మా బెంచీలో ఒకడు వెంటనే ఎంట్రీ సీన్ చెప్పేశాడు: వర్షం, స్లో మోషన్, కరెంటు పోయిన ల్యాబ్, ఆయన చెయ్యి పెట్టగానే వాక్యూమ్ ట్యూబులన్నీ వెలిగిపోతాయి. అందరం పడి పడి నవ్వాం. అప్పటిదాకా సమోసా తింటూ విన్న ఇంకొకడు తలెత్తి అడిగాడు.

"ఏఎస్ రావు నగర్ అంటే అది మనిషి పేరారా?"