పక్కన నడిచేవాళ్ళ కోసం

కరువు సీమ అనగానే బయటివాళ్ళకు ఎండ, దుమ్ము గుర్తుకొస్తాయి. బురద గుర్తుకు రాదు. ఒక్క పదును వాన పడితే చాలు, నంద్యాల నుంచి కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వైపు పరుచుకున్న నల్లరేగడి ఏమవుతుందో అక్కడి రైతుకు తెలుసు. చెప్పులకు అంటుకుని అడుగడుగుకూ బరువు పెరుగుతుంది. మోటారు సైకిలు మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు. పుల్లతో గీకి, నాలుగు గజాలు పోయి, మళ్ళీ ఆగి గీకే మనుషులు ప్రతి వానాకాలం పొలం బాటల్లో కనబడతారు. జీపులకూ ఇదే బాధ. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చేరిన రేగడి రెండు రోజుల ఎండకే రాయి కడుతుంది. దాని బరువుకు ప్లాస్టిక్ క్లిప్పులు ఒక్కొక్కటే వదులవుతాయి. ఆ మీద బాటకు అటూ ఇటూ అల్లుకున్న సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి తగులుకుందంటే, చక్రం మీది నల్లటి పట్టీ సగం ఊడి వేలాడుతుంది.

ఆ పట్టీ గురించే ఈ నాలుగు మాటలు. చక్రం మీద వంపు తిరిగి, బండి ఒంటి కన్నా కాస్త బయటికి వచ్చి ఉండే భాగం అది. మెకానిక్కులు కొందరు ఫ్లేర్ అంటారు, కొందరు వీల్ ఆర్చ్ అంటారు. ఊడితే చాలామంది పట్టించుకోరు. బండి నడవడానికి అది లేకపోయినా ఏమీ కాదు, ఇంజనుకు దానితో పని లేదు. లోపల కూర్చున్నవాళ్ళకు తేడా కూడా తెలియదు. తెలిసేది బయటివాళ్ళకే.

చక్రం తిరిగే తీరును ఒక్కసారి తలచుకుంటే సంగతి అర్థమవుతుంది. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, నేలను తాకిన చోట టైరు ఆ క్షణానికి నిలిచే ఉంటుంది. దాని పై అంచు మాత్రం 80 కిలోమీటర్ల వేగంతో ముందుకు దూసుకుపోతూ ఉంటుంది. టైరు గాళ్ళలో ఇరుక్కున్న గులకరాయి ఎక్కడ పట్టు తప్పితే అక్కడి వేగంతోనే లేస్తుంది. వెనక్కి పోయేదాన్ని వెనక వేలాడే రబ్బరు ఆపుతుంది. పైకీ పక్కకూ లేచేదాన్ని ఆపవలసింది చక్రానికి అంచులా ఉన్న ఈ పట్టీయే. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల చుట్టూ నాపరాతి గనుల దారుల్లో పోయేవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ దారి పొడవునా నాపరాతి చెక్కలే. కత్తి అంచున్న ఆ ముక్క బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషి కాలికి తగలవచ్చు, ఎదురొచ్చే మోటారు సైకిలువాడి కంటికీ తగలవచ్చు.

జీపు మన దగ్గరికి వచ్చిన దారి పెద్దది. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లిస్ కంపెనీ పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టిన బండి అది. 1947 నుంచి మహీంద్రావాళ్ళు బొంబాయిలో దాన్ని కూర్చడం మొదలుపెట్టారు. ఆ బండి ముందు మడ్‌గార్డులు బల్లపరుపుగా ఉండే ఇనుప రేకులు. మనిషి ఎక్కి కూర్చున్నా ఓర్చుకునేవి. సొట్ట పడితే సుత్తితో సరి చేసేవారు, చిరిగితే వెల్డింగు పెట్టి రంగు వేసేవారు. తర్వాత వచ్చిన కమాండర్ జీపులు సీమలో ఎన్నో పల్లెలకు బస్సు లేని లోటు తీర్చాయి. వేరుశనగ మూటలు, కాలేజీ పిల్లలు, నెలలు నిండిన గర్భిణులు వాటిలోనే కర్నూలుకూ కడపకూ ప్రొద్దుటూరుకూ చేరారు. సినిమాలు మాత్రం సీమ బండి అంటే గాల్లోకి లేచి పేలిపోయే సుమో అని లోకానికి నేర్పాయి. అలా నేర్పడం అన్యాయం. ఈ నేల మీద నాలుగు చక్రాల బండి చేసిన చాకిరీ ఒక్క సినిమాలోనైనా సరిగ్గా కనబడి ఉంటే బాగుండేది.

2010లో మహీంద్రావాళ్ళ థార్ వచ్చింది. 2020 అక్టోబరు 2న కొత్త రూపుతో మళ్ళీ వచ్చింది. 2024 ఆగస్టు 15న అయిదు తలుపులతో రాక్స్ వచ్చింది. కడపకు ఏపీ 04, కర్నూలుకు ఏపీ 21 నంబర్లున్న కాలం పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక, ఏ బండి ఏ జిల్లాదో నంబరు చూసి చెప్పలేకపోతున్నాం. కానీ కడప వీధుల్లోనూ కర్నూలు వీధుల్లోనూ ఈ బండ్ల మీద కుర్రకారుకున్న మోజు చూస్తూనే ఉన్నాం. మోజును తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. కష్టపడి కొనుక్కున్న బండిని తుడిచి చూసుకోవడం సంతోషమే. అయితే ఈ కొత్త బండ్ల అంచు ప్లాస్టిక్‌ది. సుత్తికి లొంగదు. సీమ ఎండకు రెండు మూడేళ్ళలో నలుపు పోయి తెల్లబారుతుంది, పెళుసెక్కుతుంది, రాయి తగిలితే పగులుతుంది. పగిలినదాన్ని తీసి కొత్తది పెట్టడమొక్కటే దారి. ఒక మేలు మాత్రం ఉంది. ఆ పని ఇంటి వాకిట్లో ఎవరికి వాళ్ళు చేసుకోవచ్చు.

నాపరాళ్ళు పరిచిన వాకిలి ఇందుకు చక్కగా సరిపోతుంది. నేల సమంగా ఉంటుంది, బండి కదలదు. అయినా చక్రాల కింద రాళ్ళు పెట్టాలి. చక్రం విప్పవలసి వస్తే ఒక్క జాకీని నమ్మి కింద చేయి పెట్టకూడదు, గట్టి స్టాండు పెట్టాల్సిందే. ఉదయం పూట మొదలుపెట్టడం మంచిది. మిట్టమధ్యాహ్నం ఎండలో రేకు చేయి పెట్టనివ్వదు. పైగా ప్లాస్టిక్ వేడికి సాగి ఉంటుంది. సాగినదాన్ని బిర్రుగా బిగిస్తే చల్లబడ్డాక బోల్టు దగ్గర చీలుతుంది.

పాతది విప్పడమే అసలు కష్టం. బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె రాత్రే రాసి వదిలేస్తే పొద్దునకు పానాకు లొంగుతాయి. తొందరపడి తిప్పితే తల తెగుతుంది. అంచు ఊడివచ్చాక దాని వెనక కనబడేది చూసి చాలామంది నివ్వెరపోతారు. ఏళ్ళ తరబడి చేరిన మట్టి, దాని కింద రంగు లేచిపోయిన రేకు, అక్కడక్కడ ఎర్రటి తుప్పు. నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వైరు బ్రష్షుతో గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, రెడాక్సైడు పూసి, అది ఆరాక రంగు వేయాలి. దీనికి ఒక పూట పోతుంది, పోనివ్వాలి. ఈ పని మానేసి కొత్త పట్టీ కప్పేస్తే, పైకి మెరుస్తున్నా లోపల రేకును తుప్పు తినేస్తుంది. కొత్త రంధ్రం వేయవలసి వస్తే దాని అంచుకూ రంగు తగలాలి.

ఇక బిగింపు. మొదట ఊరికే ఆనించి చూసుకోవాలి. రంధ్రాలన్నీ కలిశాయో లేదో చూసి, రేకుకూ ప్లాస్టిక్‌కూ మధ్య రబ్బరు బీడింగు సర్ది, బోల్టులన్నీ చేత్తోనే పట్టించాలి. మెకానిక్కు దగ్గర పని నేర్చుకునే పిల్లవాడు మొదటి బోల్టునే పానాతో బిర్రుగా తిప్పబోతే, పెద్దాయన అనేది ఈ మాటే: “ఆగప్పా, ముందు అన్నీ చేత్తో పట్టిచ్చు. ఆమీద పానా పెడుదువు.” మధ్య నుంచి అంచులకు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవాలి. అంతా అయ్యాక స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోవాలి. నాలుగు రోజులు గతుకుల దారిలో తిరిగాక బోల్టులు మరోసారి చూడాలి. నాలుగు పానాలు, ఒక బ్రష్షు, కాస్త ఓపిక ఉంటే చాలు. తండ్రీ కొడుకూ కలిసి చేసుకుంటే ఇంకా మేలు. బండి తాళం చేతికొచ్చిన పిల్లవాడికి దాని తుప్పు కూడా చేతికి తగలాలి.

మాకు దిగులు కలిగిస్తున్నది మరొకటి ఉంది. ఊడిన అంచును తిరిగి పెట్టేవాళ్ళ కన్నా, ఉన్న అంచు చాలదన్నట్టు టైరు బయటికి పొడుచుకొచ్చేలా చేసేవాళ్ళు ఎక్కువగా కనబడుతున్నారు. థార్‌లో ఒక రకానికి కంపెనీ ఇచ్చే టైరు మీద 255/65 ఆర్18 అని ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చక్రం మీది అంచు దాన్ని బట్టే ఉంటుంది. అంతకన్నా లావుది వేసి, రింగును బయటికి జరిపి, మీద ఏ కప్పూ లేకుండా తిరిగితే, టైరు లేపే ప్రతి రాయీ బురదా పక్కవాళ్ళ మీదికే. చట్టం దీన్ని ఒప్పుకోదు. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఉన్న కొలతకే కొత్త అంచు పెట్టుకోవడం మరమ్మతు. బండిని వెడల్పు చేయడం మార్పు. ఈ రెంటికీ తేడా తెలుసుకుని దుకాణానికి వెళ్ళాలి.

జరిమానా భయం కన్నా మేము ముందు పెట్టదలచుకున్నది వేరు. మన ఊళ్ళ రోడ్లకు చాలాచోట్ల నడిచేవాళ్ళకంటూ బాట లేదు. బడి పిల్లలు, గొర్రెల వెంట పోయేవాళ్ళు, చేలకు పోయే కూలీలు, అందరూ తారు అంచునే నడుస్తారు. జీపులో ఉన్నవాడికి అద్దం ఉంది, తలుపు ఉంది. నడిచేవాళ్ళకున్నది కట్టుకున్న గుడ్డ. చక్రం మీది ఆ పట్టీ బండి యజమాని డబ్బుతో కొన్నదే అయినా, దాని వల్ల మేలు పొందేది అతను ఎరగని మనుషులు. ఇలాంటి వస్తువును బాగుచేసుకోవడానికి ఒక ఆదివారం ఇవ్వడం పెద్ద పనేమీ కాదు.

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో జీపు ఉన్న ప్రతి ఇంటికీ మా మనవి ఇది. తొలకరికి ముందే బండి నాలుగు చక్రాలనూ ఒకసారి వంగి చూడండి. పగిలిన అంచు ఉంటే మార్చండి, వదులైనదాన్ని బిగించండి, టైరు బయటికి పొడుచుకొస్తుంటే కంపెనీ కొలతకు తెచ్చుకోండి. అది అయ్యేదాకా జనం నడిచే చోట నిదానంగా పోండి.