తాతగారి తుపాకీలో సర్కారు తూటా

పల్లెటూళ్లో పెద్దింటి గోడకు తగిలించిన తాతగారి తుపాకీ మీరూ చూసే ఉంటారు. మరి అందులోకి తూటాలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఏళ్ల తరబడి సర్కారు ఫ్యాక్టరీ నుంచే! పుణెలోని ఖడ్కీ కర్మాగారం 1869 నాటిది. సైన్యానికి తూటాలు చేసే ఆ చోటే జనానికీ చేసింది.

అయితే సైన్యం వాడిన .303 రైఫిల్ మనకు నిషిద్ధం. పౌరులకు వేరే సైజు, .315. సైనిక గోదాములో దొంగిలించిన తూటా బయటి తుపాకీలో పట్టకూడదని తెల్లదొరల కాలంలో పెట్టిన కిటుకిది.

కొనడమూ కిరాణా సరుకు కొన్నంత తేలిక కాదు. ఏడాదికి ఎన్ని, ఒక్కసారికి ఎన్ని అన్నది లైసెన్సులోనే ఉంటుంది. దుకాణదారు అమ్మిన ప్రతి తూటా లెక్కా రాయాల్సిందే.

అంత జాగ్రత్తపడే సర్కారే 2014లో ఆడవాళ్ల కోసమంటూ కాన్పూర్ ఫ్యాక్టరీ నుంచి 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది. ధర లక్షా 22 వేల పైచిలుకు! రాత్రి డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడే అమ్మాయి అంత ఎక్కణ్నుంచి తేవాలి? ఆమెకు కావాల్సింది వీధి దీపం, సమయానికి వచ్చే పోలీసు.

2021 అక్టోబరులో ఈ ఫ్యాక్టరీలన్నీ ఏడు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. మందుగుండు పని 'మ్యూనిషన్స్ ఇండియా'కు దక్కింది. కంపెనీ అన్నాక అమ్మకాలు పెరగాలి. హోంశాఖేమో ఆచితూచి ఇవ్వాలి. రెండూ ఒకే సర్కారు చేతులు!

అన్నట్టు, తాతగారి లైసెన్సు ఆయనతోనే సరి. వారసులు సొంత లైసెన్సు తీసుకునేదాకా తుపాకీనీ, డబ్బాలో మిగిలిన తూటాలనూ ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేయాలి. ఓసారి అటక మీద చూడండి.