ఇంటి నెట్‌కి గడియ పెట్టారా?

2003 ఆగస్టు. తెనాలిలో మా బాబాయికి ఆరు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. కనెక్షన్ మాత్రం ఒక్కటే. అది కౌంటర్ మీది కంప్యూటర్‌కి వచ్చేది, మిగతా అయిదూ దాన్నుంచి పంచుకునేవి. అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లు చాటింగ్ కోసం బెంచీ మీద వరసగా కూర్చునేవారు.

ఓ రోజు పొద్దున్నే కౌంటర్ కంప్యూటర్ తెర మీద చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. అరవై సెకన్లలో ఆగిపోతానంటూ అంకెలు దిగిపోతున్నాయి. ఆగింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే! మధ్యాహ్నానికి ఆరింటిదీ అదే వరస. ఎవరూ పిచ్చి మెయిల్ తెరవలేదు, ఏ ఫైలూ దించుకోలేదు. నెట్‌కి తగిలించి ఉండటమే చేసిన పాపం. ఆ పురుగు పేరు బ్లాస్టర్. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ జులైలోనే ఇచ్చింది. వేసుకున్నదెవరు?

అసలు ఒక్క కనెక్షన్‌ని ఆరుగురు ఎలా పంచుకుంటారు? అపార్ట్‌మెంట్‌నే తీసుకోండి. బయటివాళ్లకి తెలిసింది గేటు చిరునామా ఒక్కటే. మూడో అంతస్తువాళ్లు ఏదో తెప్పించుకుంటే వాచ్‌మన్ గుర్తుపెట్టుకుని పైకి పంపుతాడు. ఎవరూ అడగనిది వస్తే వెనక్కి తిప్పేస్తాడు. దీన్నే 'నాట్' అంటారు. ఇంట్లో కంప్యూటర్లకి 192.168తో మొదలయ్యే లోపలి నంబర్లుంటాయి. అవి బయటికి కనిపించవు.

బాబాయి దగ్గర లోపలి అయిదూ ఇలా గేటు వెనకే ఉన్నాయి. కానీ గేటు దగ్గర నిలబడ్డ కంప్యూటర్‌కే కాపలా లేదు. అందులో దూరిన పురుగుకి లోపల అడ్డేముంది? విచిత్రమేంటంటే, విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ 2001 నుంచే ఉంది. ఆన్ చేసి ఇవ్వలేదంతే. ఆ పని 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2తో జరిగింది.

ఇప్పుడు ఆ కౌంటర్ కంప్యూటర్ పని మన రౌటర్ చేస్తోంది. దాని వెనక ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా... అన్నీ చేరాయి. 2016లో 'మిరాయ్' అనే పురుగు చేసిందల్లా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు అరవై చిల్లర పట్టుకుని ప్రపంచంలోని కెమెరాల, రౌటర్ల తలుపులు తట్టడమే. లక్షల్లో తెరుచుకున్నాయి. ఆ అక్టోబరు 21న అలాంటి పరికరాలెన్నో ఒక్కుమ్మడిగా మీదపడితే అమెరికాలో చాలామందికి గంటల తరబడి ట్విట్టర్ అందలేదు.

కాబట్టి రౌటర్ కింది స్టిక్కర్ మీదున్న చిరునామాని బ్రౌజర్‌లో కొట్టి ఓసారి లోపలికి వెళ్లండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్‌ని నడిపే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. చాలామంది మొదటిది మార్చి రెండోది మరిచిపోతారు! బయటినుంచి రౌటర్‌ని నడిపే 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆపేయండి. పరికరాలు తమంతట తామే తలుపులు తీసుకునే 'యూపీఎన్‌పీ' కూడా అవసరం లేకపోతే వద్దు. కెమెరాలకీ, చుట్టాల ఫోన్లకీ గెస్ట్ వైఫై ఇస్తే ఒకదానికి పట్టిన జబ్బు మీ లాప్‌టాప్‌దాకా రావడం కష్టం. ఇంకోటి... కొత్త ఐపీవీ6 పద్ధతిలో ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఉంటుంది. అక్కడ నాట్ చాటు మామూలుగా ఉండదు, ఉన్న రక్షణ అంతా ఫైర్‌వాల్‌దే. అది ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూడండి.

మొన్న తెనాలి వెళ్లినప్పుడు బాబాయి రౌటర్ తెరిచాను. పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే! ‘‘అంత దెబ్బ తిన్నాక కూడా ఇదేంటి బాబాయ్?’’ అంటే, ‘‘అప్పుడది వ్యాపారంరా, ఇది ఇల్లేగా’’ అన్నాడు. పదహారు అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టించాను. మర్చిపోతానంటూ వెంటనే గోడ మీది క్యాలెండర్ తిప్పి, వెనక పెద్దక్షరాలతో రాసుకున్నాడు.