కోట బొమ్మ ముద్దు, కుండ బొమ్మ చేదా?

మా చిన్నబ్బాయి ఇంగ్లండు నుంచి ఓ బొమ్మల పుస్తకం పంపాడు. అక్కడి ఒక చిన్న ఊరి పాత ఫొటోలట. చర్చి, గడియారం స్తంభం, రాతివంతెన, వాటి సరసనే దర్జాగా పబ్బులు! ‘ఎర్ర సింహం’, ‘తెల్ల దుప్పి’ అని పేర్లూ, గుమ్మాల మీద రంగుల పలకలూ. “ఎంత ముచ్చటగా ఉన్నాయో అత్తమ్మా!” అని మా కోడలు మురిసిపోయింది.

మర్నాడు ట్రంకుపెట్టె సర్దుతుంటే మా మేనమామ పాత ఫొటో బయటపడింది. జనగామ శివారు తాటివనం, పందిరి కింద నలుగురు మగాళ్ళు, ముందు కల్లు లొట్టి, పక్కన మోకు భుజాన వేసుకున్న గౌడు. అదే కోడలు మూతి ముడిచి, “ఇది ఆల్బంలో పెట్టకండి, చుట్టాలు చూస్తే బాగుండదు” అంది.

ఇదెక్కడి న్యాయమమ్మా? తెల్లదొరలు తాగిన చోటు చరిత్రా, మనవాళ్ళు తాగిన చోటు అప్రతిష్ఠా?

ఆ పలకల సంగతే చూడండి. బీరు కాచి అమ్మే ఇంటిముందు గుర్తు వేలాడాల్సిందేనని 1393లో రెండో రిచర్డు రాజు ఉత్తరువిచ్చాడు. సరుకు తనిఖీ చేసేవాళ్ళకు ఆనవాలు దొరకాలిగా! తెల్ల దుప్పి ఆయన సొంత చిహ్నం. తనిఖీ కోసం తగిలించిన పలక ఇవాళ పటం కట్టించుకుంది.

మనకూ పటాలున్నాయి. 1213 నాటి రామప్ప గుడి మీద గులాం యాజ్దానీగారు 1922లోనే పుస్తకం వేశారు. 2021లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, మానుకోట దగ్గర కురవి వీరన్న – ఏ ఇంట చూసినా ఈ పటాలే. సంతోషం. మరి మన జనగామ వైపు ఖిలాషాపూర్ కోట? అది కల్లుగీసే ఇంట పుట్టిన సర్వాయి పాపన్నది. 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో మొగలుల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్న మనిషి. ఆ కోట ముందు నిలబడి ఫొటో దిగుతాం. ఆయన ఇంటివాళ్ళ బతుకుదెరువైన లొట్టి కనిపిస్తే ముక్కు మూసుకుంటాం!

“తాగుబోతు మొగుడితో వేగినదానికి తెలుస్తుంది” అంటారేమో. తెలీకేం? మామయ్య ఆ పందిరి కింద కూచున్న రాత్రుళ్ళు మా అత్తయ్య అన్నం మీద మూతపెట్టి గడపలో కాచుకునేది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద కొంగు బిగించారు. 1993లో సర్కారు సారాను నిషేధించక తప్పలేదు. వాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఫొటో దాచేస్తే ఎవరి పరువు దక్కుతుంది? తాగినాయన పరువు. చెట్టెక్కి ప్రాణం పణంగా పెట్టిన గౌడూ, గడపలో కాచుకున్న అత్తయ్యా మాత్రం మాయమైపోతారు.

ఆ ఇంగ్లీషు పుస్తకంలోనూ అంతే. పబ్బు గుమ్మంలో మగాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు. ఇంటిదగ్గర ఎదురుచూసినామె ఏ పేజీలోనూ లేదు. ముచ్చట పడ్డాంగానీ, ఆమె ఏదని అడిగామా?

అందుకే ఆ ఫొటో ఆల్బంలోనే అంటించాను. కింద మూడు ముక్కలు రాశాను: గీసింది ఎవరు, తాగింది ఎవరు, కాచుకున్నది ఎవరు. మూడో ముక్క దగ్గర మా కోడలు చాలాసేపు ఆగింది. తర్వాత, “అత్తయ్యగారి ఫొటో ఏదైనా ఉందా?” అని అడిగింది.

పెట్టె అడుగుదాకా వెతికాం. ఒక్కటీ లేదు.