పరిశోధకుడు యాచకుడా?

కిందటేడు వొక సభలో విన్న మాట నన్నింకా వదలడం లేదు. జీవవైద్య పరిశోధనకు గ్రాంట్లూ ఫెలోషిప్పులూ సంపాదించడం యెట్లా అన్నది ఆనాటి విషయం. ఉపన్యాసకుడు పెద్ద శాస్త్రవేత్త, కమిటీలలో కూర్చునేవాడు. "డబ్బుకు కొదవ లేదు, మీకు వెతకడం చేతకాదు" అన్నాడాయన. హాలునిండా వున్న కుర్రవాళ్లు ఆ మాట నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. జిల్లా కాలేజీలో జీవరసాయనం చెప్పుకు బతికే నేను కూడా తలాడించాను. నా పక్కన కూర్చున్న పాత విద్యార్థిని మాత్రం కలం తీయలేదు. జాతీయ పరీక్ష నెగ్గి, ఫెలోషిప్ సంపాదించి, యూనివర్సిటీలో చేరిన పిల్ల. తిరుగు బస్సులో అడిగింది: "వెతికి సంపాదించాను గదా మాస్టారూ, యేడు నెలలుగా రూపాయి రాలేదు. మెస్సు బాకీ యెవరు కట్టాలి?"

ఆ ప్రశ్నకు సభలో చోటు లేదు. అందుకే యిక్కడ అడుగుతున్నాను.

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. ఆయన చెప్పింది పచ్చి అబద్ధం కాదు. సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి., ఐ.సి.ఎం.ఆర్., డి.బి.టి. వంటి ప్రభుత్వ సంస్థలు పరిశోధక విద్యార్థులకు వేతనాలిస్తున్నాయి. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌కు 42,000. కాని యీ అంకెలు యెవరో దయతలచి వేసినవి కావు. 2018 చివరా 2019 మొదటా దేశమంతటా పరిశోధక విద్యార్థులు వీధికెక్కారు. అప్పుడు గాని 25,000 వున్నది 31,000 కాలేదు. వెతకడం నేర్పే పెద్దలు యీ చరిత్ర చెప్పరు.

వెతుకులాటైనా అందరికీ వొకటేనా? మహానగరంలో పెద్ద సంస్థలో చేరినవాడికి యే దరఖాస్తుకు యేది ఆఖరు తేదీయో ప్రయోగశాలలోనే తెలుస్తుంది. దరఖాస్తు దిద్దిపెట్టే సీనియర్లుంటారు. జిల్లా కాలేజీ పిల్లకు ఆ సంగతి గడువు దాటాక తెలుస్తుంది. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తుంది, తెలుగులో రాదు. దీనికంతటికీ "చేతకానితనం" అని పేరు పెట్టడం, గొడ్డును రాటకు కట్టేసి దానికి మేయడం రాదనడమే.

యిక్కడ యెవరో వొకరు తప్పకుండా యెల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తుతారు. "భీమవరంలో పుట్టినవాడు, అమెరికా పోయి, రాత్రిళ్లు ఆస్పత్రిలో చాకిరీ చేసి పైకి రాలేదా?" వచ్చాడు. కాని ఆయన ఓడెక్కింది మామగారు సమకూర్చిన సొమ్ముతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ యిచ్చిన హామీతోనూ. అటువంటి మామగారు లేని సుబ్బారావులు యెందరు వూళ్లలోనే ఆగిపోయారో యెవరూ లెక్కవేయలేదు.

ఆయన కథలోనే మరో పాఠం వుంది. 1940లో ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరాడు. అక్కడి నుంచి 1947లో బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. నేటికీ ఆ వ్యాధివున్న జిల్లాల్లో యింటింటికీ తిరిగి పంచే మాత్రల్లో అది వుంది. గోదావరి జిల్లాల కూలీలు తరతరాలుగా బోదకాళ్లతో బురదలో నడిచారు. ఆ కాళ్లను చూసి యే కంపెనీ కదలలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో, పసిఫిక్ దీవుల్లో, అమెరికన్ సైనికులకు ఆ జబ్బు సోకింది. అప్పుడు డబ్బు కదిలింది. మందు గొప్పదే, సుబ్బారావూ గొప్పవాడే. కాని యే ప్రశ్నకు జవాబు వెతకాలో నిర్ణయించింది డబ్బిచ్చినవాడు.

తర్వాతనైనా మారిందా? 1975 నుంచి 1999 వరకు ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన కొత్త మందులు 1,393. అందులో ఉష్ణదేశపు వ్యాధులకూ క్షయకూ కలిపి వచ్చినవి 16. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాలు చెడి జనం దశాబ్దాలుగా చనిపోతున్నారు. మూలకారణం యిదీ అని నేటికీ తేలలేదు. మూడేళ్ల ప్రాజెక్టుతో తేలే ప్రశ్న కాదది. దాన్ని పదిహేనేళ్లు పట్టుకు కూర్చోదలచిన పిల్లకు, పదిహేనేళ్ల తిండికి హామీ యెవరిస్తారు?

కొత్త సంస్థ వచ్చింది గదా అంటారు. 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ యేర్పడింది. అయిదేళ్లలో 50,000 కోట్లన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలన్నారు. అంటే పది రూపాయల్లో యేడుకు పైగా! 2020-21 లెక్కల్లో పరిశోధనకు మనం పెట్టింది దేశ స్థూల ఉత్పత్తిలో 0.64 శాతం. ఆ లోటు పూడ్చవలసిన ప్రభుత్వమే జోలె పట్టి ధనికుల గుమ్మమెక్కితే, ఉద్దానం రోగి మాట ఆ గుమ్మంలో యెవరు చెబుతారు?

మనవాళ్లలో కొందరి దగ్గర సులువైన జవాబుంది: విదేశీ నిధుల సొమ్ము ముట్టరాదని. నేనొప్పుకోను. బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టూ మన డి.బి.టి.యూ కలిసి 2008లో పెట్టిన ఇండియా అలయన్స్ హైదరాబాదు నుంచే ఫెలోషిప్పులిస్తున్నది. వెల్‌కమ్ సొమ్ము మందుల వ్యాపారంలో పోగైనది. అదీ శ్రమ నుంచి పుట్టిందే. దొరికితే తీసుకోండి. ఆకలితోనైనా పవిత్రంగా వుండమని పిల్లలకు చెప్పే హక్కు, నెలనెలా జీతం పుచ్చుకునే నాబోటివాళ్లకు లేదు. కాని సంతకానికి ముందు షరతులు చదవండి. ఫలితాలు యెవరి సొత్తు? ప్రచురించే స్వేచ్ఛ వుందా? రేపు మందంటూ వస్తే దాని ధర నిర్ణయించేది యెవరు?

మరి ప్రజల డబ్బుతో నడిచే ఫెలోషిప్పు మాటేమిటి? అది బహుమతి కాదు, దానం కాదు. పగలూ రాత్రీ ప్రయోగశాలలో పనిచేసినవాడి కూలి. కూలి నెలనెలా రావాలి. పరీక్ష తెలుగులోనూ వుండాలి. గడువులు చెప్పే బాధ్యత కాలేజీది కావాలి. మన వూళ్ల రోగాల మీద పనిచేసేవాళ్లకు దీర్ఘకాలపు నిధి కావాలి.

ఆ పిల్లకు డబ్బు తొమ్మిదో నెలలో వచ్చింది. మళ్లీ వెతికినందుకు కాదు. హాస్టలు నుంచి ముప్పైమంది కలిసి వెళ్లి ఆఫీసు గుమ్మంలో కూర్చున్నందుకు.

యీ యేడు మా కాలేజీ గోడమీద ఫెలోషిప్పుల ఆఖరు తేదీల పట్టిక అంటించాం. దాని పక్కనే, మా పాత విద్యార్థులకు యెన్నెన్ని నెలల వేతనం బాకీ వున్నదో ఆ పట్టికా అంటించాం. మీ కాలేజీలోనూ రెండూ అంటించండి.