ముసలమ్మకేం గుర్తుంటుంది?

"ఆమెకేం గుర్తుంటుంది లెండి, వయసైపోయింది. నన్నడగండి, నేను చెప్తాను." సర్వేకు వెళ్ళినా, ఆస్తి తగాదా పంచాయితీకి వెళ్ళినా, పింఛను దరఖాస్తు నింపడానికి వెళ్ళినా కార్యకర్తలందరికీ ఎదురయ్యే మాట ఇది. కొడుకు అంటాడు, మనవడు అంటాడు, ఒక్కోసారి కోడలూ అంటుంది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఏమీ అనదు. తన ఎదుటే తన గురించి మరొకరు మాట్లాడడం ఆమెకు కొత్త కాదు. వృద్ధాప్యంలో స్త్రీ కొడుకు అదుపులో ఉండాలని మనువు ఏనాడో చెప్పాడు. ఇప్పుడు మనువు పేరెత్తేవాళ్ళు తగ్గి ఉండవచ్చు. "మతిమరుపు" అంటే చాలు, అదే పని జరిగిపోతోంది.

వయసుతో జ్ఞాపకశక్తి మారదని మేం అనడం లేదు. మారుతుంది. అయితే ఏది తగ్గుతుంది, ఏది నిలుస్తుంది అన్నది తెలుసుకోకుండా మొత్తం మనిషినే కొట్టిపారెయ్యడం అన్యాయం.

కొత్తగా విన్న పేర్లు, వస్తువు ఎక్కడ పెట్టామన్న సంగతి, ఒకేసారి రెండు పనులు మనసులో ఉంచుకోవడం - ఇవి తగ్గుతూ వస్తాయి. ఆ తగ్గుదల అరవయ్యో ఏట హఠాత్తుగా మొదలయ్యేది కాదు. ముప్ఫైలు, నలభైల నుంచే మెల్లగా సాగుతూ ఉంటుంది. ఓ పాతిక మాటలు చదివి వినిపించి తిరిగి చెప్పమంటే ఇరవై ఏళ్ళ పిల్ల డెబ్భై ఏళ్ళ ఆమె కన్నా ఎక్కువే చెప్తుంది. కానీ అవే మాటల్ని వేరే మాటల్లో కలిపి, "ఇందులో నువ్వు విన్నవేవి?" అని అడిగితే ఇద్దరి మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. అంటే విన్నది చాలావరకు లోపలే ఉంది, బయటికి తేవడానికే సమయం, ఆసరా కావాలి. ఇక మాటల సంపద, లోకజ్ఞానం, చేతికి వచ్చిన పని - విత్తనం ఏరడం, పురుడు పొయ్యడం, ఆవకాయలో ఉప్పు పాలు తెలియడం - ఇవి డెబ్భై దాటినా చాలామందిలో చెక్కు చెదరవు. ఒక బలహీనత మాత్రం గుర్తుంచుకోవాలి. ఫలానా మాట ఎవరన్నారు, ఎక్కడ విన్నాను అన్నది పెద్దవాళ్ళలో త్వరగా మసకబారుతుంది. "నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా" అని పదిసార్లు చెప్పి నమ్మించేవాళ్ళకు ఆ సంగతి, ఏ పుస్తకమూ చదవకుండానే, బాగా తెలుసు.

ఇంకో చిక్కుంది. నానమ్మనీ మనవరాలినీ పక్కపక్కన కూర్చోబెట్టి పరీక్ష పెడితే కనిపించే తేడా అంతా వయసు తేడాయేనా? 1961 జనగణన నాటికి మన దేశంలో అక్షరాలు వచ్చిన స్త్రీలు నూటికి 15 మందే. మనవరాలు పన్నెండేళ్ళు బడిలో మాటల జాబితాలు బట్టీ పట్టింది. నానమ్మ ఆ పన్నెండేళ్ళూ కలుపు తీసింది, తమ్ముళ్ళను ఎత్తుకుంది. ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే జ్ఞాపకశక్తి పరీక్ష నూరులోంచి ఏడేడు తీసివేస్తూ పొమ్మంటుంది, ఒక వాక్యం రాయమంటుంది, ఈవేళ తారీఖెంత అంటుంది. పలక పట్టని మనిషికి ఇది జ్ఞాపకశక్తి పరీక్షా, చదువు పరీక్షా? హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో 1990లలో పనిచేసిన పరిశోధకులు ఈ ఇబ్బంది గమనించి, చదువు రానివారికి తగినట్టు ఆ ప్రశ్నలనే మార్చుకోవలసి వచ్చింది. మన హైదరాబాదులోనే, నిమ్స్ ఆస్పత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. బడి ముఖం చూడనివారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ రెంటితో బతుకు వెళ్ళదీసిన పాతబస్తీ కూలి స్త్రీని ఏ కాగితం విద్యావంతురాలిగా లెక్కించదు.

ఇదంతా మనకెందుకు? వేలిముద్ర కోసం. భర్త పోయిన స్త్రీకి 1956 హిందూ వారసత్వ చట్టం పిల్లలతో సమానంగా వాటా ఇచ్చింది. ఆ వాటా చాలా ఇళ్ళలో ఒక మధ్యాహ్నం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముగిసిపోతుంది. విచిత్రమేమిటంటే, దస్తావేజు మీద వేలు వేయించుకునే రోజున ఆమెకు మతి బాగానే ఉందంటారు. తర్వాత "నాకు చెప్పకుండా చేయించుకున్నారు" అని ఆమె అంటే, అప్పుడు మతిమరుపు వచ్చేస్తుంది!

చట్టం ఇలా అనదు. ఒప్పందం చేసే సమయానికి దాన్ని అర్థం చేసుకుని, తన మేలు కీడు ఆలోచించుకోగలిగితే ఆ మనిషి మనసు స్థిమితంగా ఉన్నట్టేనని 1872 కాంట్రాక్టు చట్టం చెప్తుంది. సాక్ష్యం విషయంలోనూ అంతే. పాత సాక్ష్యాధార చట్టమైనా, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమైనా అడిగేది ఒక్కటే: ప్రశ్న అర్థమై, సబబైన జవాబు చెప్పగలరా? తారీఖు గుర్తు లేకపోవడం అనర్హత కాదు. చూసే దిక్కు ఉంటుందన్న ఆశతో ఆస్తి రాసిచ్చి మోసపోయినవారికి 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. అయితే "నన్ను పోషించాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించుకోవడం మేలు. లేకపోతే ఆ షరతు ఉందని రుజువు చేసే భారం ఆమె మీదే పడుతుంది.

మరి నిజంగానే జబ్బు ఉన్నవారి సంగతి? 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 60 దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారిలో కన్నా ఆడవారిలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. 2024 లాన్సెట్ కమిషన్ ఈ జబ్బుకు దారితీసే, మార్చగల కారణాలు 14 చెప్పింది. వాటిలో చిన్నప్పుడు చదువు లేకపోవడం ఒకటి, చెవుడు ఒకటి, ఒంటరితనం ఒకటి. ఆడపిల్లను బడి మాన్పించిన దెబ్బ ఆమె డెబ్భయ్యో ఏట కూడా తగులుతుందన్నమాట. జబ్బుగా కనిపించేదంతా జబ్బు కాదు కూడా. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, మూత్రంలో ఇన్‌ఫెక్షను, నిద్రమాత్రలు - ఇవి మతిని తికమక పెడతాయి, వైద్యంతో చాలావరకు నయమవుతాయి. మగవాడికైతే ఈ పరీక్షలు చేయిస్తారు. ఆమెను "ముసలితనం" అని మూలన కూర్చోబెడతారు. నిజంగా డిమెన్షియా అయినప్పుడు రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేది కోడలో, పెళ్ళికాని కూతురో. ఆ చాకిరీకి జీతం లేదు, సెలవు లేదు. అత్త హక్కుల గురించి మాట్లాడుతూ ఈ స్త్రీని మరిచిపోయే ఉద్యమం సగం ఉద్యమమే.

ఇక మన పని. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తెలంగాణ సాయుధ పోరాటం ముగిసిన మూడు దశాబ్దాల తర్వాత స్త్రీలు గుర్తు చేసుకుని చెప్పిన మాటలతో తయారైంది. ముసలివాళ్ళకేం గుర్తుంటుందని అనుకుని ఉంటే ఆ పుస్తకమే లేదు. మనిషికి పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ వయసు మధ్య జరిగినవి మిగతా కాలం కన్నా ఎక్కువగా గుర్తుంటాయని పరిశోధనలూ చెప్తున్నాయి. 1992లో దూబగుంటలోనూ, నెల్లూరు జిల్లా పల్లెల్లోనూ సారా దుకాణాలకు అడ్డం కూర్చున్న ఆడవాళ్ళలో పాతిక, ముప్ఫై ఏళ్ళ వాళ్ళు ఎందరో. వాళ్ళకిప్పుడు అరవై దాటుతోంది. ఆనాడు వాళ్ళ కన్నా పెద్దవాళ్ళలో చాలామంది లేరు.

వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఉదయం పూట వెళ్ళండి. పెద్దవాళ్ళకు పొద్దుటిపూటే జ్ఞాపకం బాగా పనిచేస్తుందని ప్రయోగాలు చెప్తున్నాయి. కొడుకుని కాసేపు బయట కూర్చోమనండి. "ఏ సంవత్సరం?" అని కాక, "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా? అప్పటికి చిన్నదానికి నడకొచ్చిందా?" అని అడగండి. గట్టిగా, నిదానంగా అడిగి, జవాబు కోసం ఆగండి. మాట మధ్యలో అందించకండి. ఆమె చెప్పిన వరసలోనే రాసి మాకు పంపండి. తారీఖులు తర్వాత సరిచూసుకోవచ్చు.